మంద కుక్కకు పని నేర్పునపుడు దాని మనస్సు గుర్తించుట

2019 పశుగణన ప్రకారము గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశమున ప్రథమ స్థానమునను, ఆంధ్రప్రదేశ్ ద్వితీయ స్థానమునను ఉన్నవి. ఈ మందలలో చాలవాటికి రాత్రివేళ కావలి కుక్కయే. అయినను దానికి పని నేర్పుటలో మన కాపరులు కర్రనే నమ్ముకొనుచున్నారు. కర్రతో నేర్చిన కుక్క యజమాని యెదుట ఒదిగి యుండును. అతడు కనుమరుగైనచో గొర్రెపిల్లలను తరుమవచ్చును. తరుముట మరిగిన కుక్క ఒకనాడు కరచును. అటుపిమ్మట దానిని మంద దగ్గరకు రానిచ్చు రైతు ఉండడు.

కోడెకు కాడి అలవాటు చేయు రైతు మొదటి దినముననే బరువు కట్టడు. దాని బెదురు చూచుకొని ముందుకు సాగును. కుక్క విషయములోనే ఆ ఓపిక మరచుచున్నాడు.

తోక ఆడించు కుక్క సంతోషముగా నున్నదని అందరి నమ్మకము. ఇది సగమే నిజము. నడుముతో సహా తోక వదులుగా ఊగినచో సంతోషమే. తోక నిటారుగ నిలిచి, కొన మాత్రము వేగముగ అదరుచు, ఒడలు బిగిసియున్నచో అది ఉద్రేకము. అపుడు దానిపై చేయి వేయరాదు. తోక కాళ్ల సందున దూర్చుట భయమని పిల్లలకును తెలియును. తెలియనివి చిన్న గుర్తులు: నిద్రవేళ కాకున్నను ఆవలించుట, తిండి లేకున్నను మూతి నాకుకొనుట, ముఖము త్రిప్పుకొని కనుకొనల తెల్లగ్రుడ్డు చూపుట, తడవకున్నను ఒడలు విదిలించుట. వీనిలో ఒక్కదానిని బట్టి తీర్పు చెప్పరాదు. రెండు మూడు కలసి కనిపించినచో ఆ పూటకు పాఠము చాలించవలెను.

సులభమైన పరీక్ష యొకటి కలదు. జొన్నరొట్టె ముక్క అందించి చూడుడు. ఎప్పుడును ఆశగా తిను కుక్క దానిని ముట్టనిచో భయపడినదని గాని, మిక్కిలి ఉద్రేకించినదని గాని తలంపవలెను. వ్రేళ్లకు పండ్లు తగులునట్లు లాగుకొన్నను ఉద్రేకమే. అట్టి స్థితిలో ఎంత చెప్పినను దాని తలకెక్కదు. కేకలు వేసినచో ఉద్రేకము హెచ్చును. త్రాడు పట్టుకొని మందకు దూరముగ నడిపించి, నేల వాసన చూడనిచ్చి, రొట్టె మెల్లగ తినువరకు ఆగవలెను. ఏ దూరమున అది నెమ్మదిగ తినగలదో, మరునాటి పాఠము అక్కడ మొదలిడవలెను. దినమునకు కొన్ని అడుగుల చొప్పున దగ్గరకు తేవచ్చును. మొదట సాధువైన ముసలి గొర్రెల దగ్గరకే తీసికొనిపోవలెను. పొడుచు పొట్టేలు ఒక్కసారి కుమ్మినచో పిల్లకుక్క బెదురు తీరుటకు వారములు పట్టవచ్చును.

పాఠము 5 నిమిషములకు మించరాదు. చల్లని వేళ రెండు మూడు మారులు చాలును. మంచిపని చేసిన వెంటనే, ఒకటి రెండు సెకండ్లలో, రొట్టె ముక్క అందవలెను. ఆలస్యమైనచో దేనికి ఇచ్చితిమో దానికి తెలియదు. దెబ్బ విషయమును ఇట్టిదే. గొర్రెను చూచుచుండగ దెబ్బ పడినచో, కుక్క ఆ నొప్పిని గొర్రెతో ముడివేసికొనవచ్చును.

కుక్కపిల్లకు లోకము పరిచయమగు వయస్సు ముఖ్యముగ 3 మొదలు 12 వారముల వరకని స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిన గ్రంథమున వివరించిరి. కావున 8 వారములకు తల్లిని విడచిన పిల్లను వెంటనే గొర్రెల వాసనకు, అరుపులకు అలవాటు చేయుట మేలు.

గుర్రుమన్న కుక్కను కొట్టుట చాలచోట్ల ఉన్న పొరపాటు. గుర్రుమనుట హెచ్చరిక. కొట్టి మాన్పించినచో హెచ్చరిక మానునే గాని భయము మానదు. పిదప చెప్పకయే కరచును. ఇంట పసిపిల్లలున్నవారు దీనిని ముఖ్యముగ గమనింపవలెను.

నిన్నటివరకు నెమ్మదిగ నున్న కుక్క కారణము లేక కోపించినచో పాఠము నిలిపి, పశువైద్యునికి చూపవలెను. చెవిలో పుండు కావచ్చును, పిచ్చివ్యాధియు కావచ్చును. 3 నెలల వయస్సున టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించుచుండవలెను. కరచినచో గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.