ఐస్ టీ ఇంట్లోనే: ఆకు, పుదీనా, నిమ్మరసం ఒకేసారి వెయ్యకండి

ఈ ఎపిసోడ్ మా యూసుఫ్‌గూడ నుంచే. కృష్ణానగర్ ఇక్కడికి నడిచి వెళ్ళేంత దూరం. చుట్టుపక్కల రూముల్లో అసిస్టెంట్ డైరెక్టర్లు, జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్ చాలామంది ఉంటారు. ఏప్రిల్ వచ్చిందంటే అందరి ఫోన్లలో ఒకటే రీల్: గాజు జార్‌లో మెరిసే టీ, పైన నిమ్మ ముక్కలు, పుదీనా రెమ్మ. జూబ్లీహిల్స్ వైపు ఎక్కి కేఫ్‌లో అదే గ్లాసు తాగితే జేబుకి చిల్లు. ఇంట్లో చేస్తే చేదు, పైగా బురదనీళ్ళ రంగు. ఎందుకలా వస్తుందో తెలిస్తే మిగతాది చాలా తేలిక.

మన చెయ్యి ఇరానీ చాయ్‌కి అలవాటు పడిపోయింది. డికాషన్ ఎంత మరిగితే అంత మంచిదని మన నమ్మకం. చాయ్ విషయంలో అది కరెక్టే. ఆకులోంచి దిగే టానిన్లని పాలల్లోని ప్రోటీన్ పట్టేసుకుంటుంది కాబట్టి వగరు తెలియదు. ఐస్ టీలో పాలు లేవు కదా! అదే డికాషన్ చల్లారిస్తే ఆ వగరంతా నేరుగా నాలుక మీదే. పాలు పోద్దామా అంటే నిమ్మరసం పడగానే విరిగిపోతాయి.

అందుకే మరగబెట్టడం వద్దు, నానబెట్టడమే. లీటరు ఐస్ టీకి అర లీటరు నీళ్ళు మరిగించి స్టవ్ ఆపెయ్యండి. నాలుగు టీస్పూన్ల ఆకు టీ వేసి మూత పెట్టి, నాలుగు నిమిషాలకి వడకట్టెయ్యండి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, అంచనా వద్దు. ఇప్పుడది కావాలనే చిక్కగా ఉంటుంది. మిగతా అర లీటరు చల్లటి నీళ్ళు, ఐసు కలిశాక సరిపోతుంది. పంచదార ఈ వేడి మీదే కలపాలి, చల్లారాక వేస్తే అడుగున కూర్చుంటుంది.

ఏ టీ అంటారా? మనందరి డబ్బాల్లో ఉండేది డస్ట్ టీ, లేదంటే చిన్న గుళికల్లాంటి సీటీసీ. అది పాల చాయ్ కోసం పుట్టింది, రంగూ వగరూ గబగబా దిగుతాయి. అదే ఉంటే రెండు టీస్పూన్లు, రెండు నిమిషాలు, అంతే. కొనేదైతే నీలగిరి ఆకు టీ కొనండి. చల్లారినా అంత సులువుగా మబ్బు పట్టదని దానికి మంచి పేరుంది. మబ్బు పట్టడమంటే టీలోని కెఫీన్, టానిన్లు చల్లదనానికి ఒకదానికొకటి అతుక్కోవడమే. తాగితే ఏమీ కాదు, చూడ్డానికే బాగోదు. వేడివేడిది తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువవుతుంది. ముందు బయట చల్లారనివ్వండి. అప్పటికీ మబ్బు పడితే కాసిని వేడి నీళ్ళు పోయండి, తేరుకుంటుంది.

ఇక ఆకులు, రుచులు. రీల్స్‌లో అన్నీ ఒకేసారి పడేసి మరిగిస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అల్లం, నిమ్మగడ్డి గట్టివి, వాటిని దంచి మొదటి నీళ్ళలోనే ఐదు నిమిషాలు మరిగించాలి. పుదీనా, తులసి అలా కాదు. వాటి వాసన ఆవిరితో పాటే ఎగిరిపోతుంది, ఆకు నల్లబడుతుంది. టీ వడకట్టాక, గోరువెచ్చగా ఉన్నప్పుడు గుప్పెడు పుదీనా అరచేతిలో ఒక్కసారి చరిచి వెయ్యండి. పది నిమిషాలకి తీసెయ్యండి. తులసి ఘాటు ఎక్కువ, లీటరుకి ఆరేడు ఆకులు చాలు. రెండూ కలిపి వేస్తే తులసే గెలుస్తుంది, పుదీనా ఉందన్న సంగతే తెలియదు.

నిమ్మరసం అన్నిటికంటే చివర. గ్లాసులో పోసుకున్నాక పిండుకోండి. పిండగానే టీ రంగు తేలికవుతుంది, కల్తీ అని కంగారు పడకండి. పులుపు తగిలితే టీలోని రంగు పదార్థాలు అలాగే మారతాయి. నిమ్మ ముక్కలు రాత్రంతా జార్‌లో వదిలేస్తే తొక్క కింది తెల్లటి పొరలోంచి చేదు దిగుతుంది. బత్తాయి రసం ఇంకా ఘోరం, తీసి ఉంచేకొద్దీ చేదెక్కుతుంది. నల్గొండ బత్తాయి దొరికితే తప్పకుండా వాడండి, కానీ పిండిన వెంటనే కలిపి వెంటనే తాగెయ్యండి.

స్టవ్ వెలిగించే ఓపిక లేదా? లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో నాలుగు టీస్పూన్ల ఆకు వేసి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. ఎనిమిది గంటల తర్వాత వడకట్టండి. చల్లటి నీళ్ళలో చేదు తక్కువ దిగుతుంది. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. ఎలా చేసినా రెండు రోజుల్లో అయిపోవాలి. ఇంకో మాట, మిద్దె మీద ఎండలో జార్ పెట్టి చేసే సన్ టీ జోలికి మాత్రం పోకండి. మన ఎండ ఎంత మండినా ఆ నీళ్ళు క్రిములు చచ్చేంత వేడెక్కవు, పెరిగేంత మాత్రం వెచ్చబడతాయి. ఫ్రిజ్ లేని రూమ్ అయితే కాచిన నీళ్ళు శుభ్రమైన కుండలో చల్లార్చి టీలో కలుపుకోండి, ఏ పూటకాపూట తాగెయ్యండి. చేపల బండి ఐసు గ్లాసులో వెయ్యడానికి కాదు.

ఈ ఐస్ టీకి పేరు తెచ్చిన కథలో మన దేశం టీ ఉంది, తెలుసా? 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో రిచర్డ్ బ్లెచిండెన్ అనే ఆయన భారతీయ టీకి ప్రచారం చేస్తున్నాడు. ఆ ఎండల్లో వేడి టీ ఎవరూ ముట్టకపోతే చల్లగా చేసి పోశాడట. ఆయనే కనిపెట్టాడని చెప్తారు గానీ అది నిజం కాదు. 1879 నాటి వర్జీనియా వంటల పుస్తకంలోనే ఐస్ టీ ఉంది, నిమ్మరసంతో సహా.

షూటింగ్‌కి బాటిల్ నింపుకెళ్ళొచ్చా అని ఇక్కడ చాలామంది అడుగుతారు. రుచి కోసమైతే తీసుకెళ్ళండి, కానీ పక్కన నీళ్ళ బాటిల్ కూడా ఉండాలి. ఎండలో గంటలకొద్దీ నిలబడితే చెమటతో ఉప్పు పోతుంది, ఐస్ టీ దాన్ని తిరిగివ్వదు. చిటికెడు ఉప్పు వేసినంత మాత్రాన అది ఓఆర్ఎస్ అయిపోదు. కళ్ళు తిరుగుతూ, వాంతి వచ్చేలా ఉంటే నీడకి చేరి, మెడికల్ షాపులో దొరికే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి తాగాలి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు పొయ్యమని రాసి ఉంటే అన్నే పొయ్యాలి. మాట తడబడినా, మనిషి స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ, 108కి ఫోన్ చెయ్యండి. తీపి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. దాని వెనక మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారి ఎనిమిదేళ్ళ పోరాటం ఉంది.

అమ్మాయిలకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. అన్నంతో పాటు ఐస్ టీ వద్దు. ఆకుకూర, పప్పుల్లోని ఐరన్‌ని టానిన్లు ఒంటికి పట్టనివ్వవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతానికి పైగా రక్తహీనత ఉంది. తిన్నాక కనీసం గంట ఆగి తాగండి. నిమ్మరసంలోని విటమిన్ సి ఐరన్‌కి సాయం చేస్తుంది నిజమే, కానీ దాని కోసం అన్నం మీద నిమ్మకాయ పిండుకోవడం మేలు, టీలో కాదు.

సబ్జా గింజలు వేసుకునేవాళ్ళు పొడిగా గ్లాసులో చల్లకండి, గొంతుకి అడ్డం పడొచ్చు. టీస్పూన్ గింజలు అర కప్పు మంచినీళ్ళలో పదిహేను నిమిషాలు నానాక, ఉబ్బినవి చూసుకుని కలపండి.