ఓడ ఎక్కకుండానే ఓడ ఉద్యోగం!

క్రూయిజ్ టెర్మినల్‌లో చెక్-ఇన్ కొలువు... ఎవరిస్తారు? ఎలా వెతకాలి? ఎక్కడ జాగ్రత్తపడాలి?

విశాఖ రేవుకు క్రూయిజ్ షిప్ వచ్చిందంటే చాలు, బీచ్ రోడ్డులో ఉన్నవాళ్ల ఫోన్లన్నీ సముద్రం వైపే తిరుగుతాయి. ఫొటో స్టేటస్‌లో పెట్టేశాక చాలామంది కుర్రాళ్లకు మెల్లగా ఓ ఆలోచన వస్తుంది: ‘ఇందులో మనకేమైనా ఉద్యోగం దొరుకుతుందా?’ వెంటనే నెట్‌లో వెతుకుతారు. ఒకట్రెండు చోట్ల నంబర్ ఇస్తారు. సాయంత్రానికల్లా వాట్సాప్‌లో ఇలాంటి మెసేజ్ వచ్చి పడుతుంది: ‘క్రూయిజ్ చెక్-ఇన్ స్టాఫ్ కావలెను. పదో తరగతి చాలు. నెలకు లక్ష జీతం. ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి.’

చెక్-ఇన్ స్టాఫ్ ఉద్యోగం నిజంగానే ఉంది. కానీ ఆ మెసేజ్‌లో చెప్పినట్టు మాత్రం ఉండదు. దాని అసలు స్వరూపం తెలిస్తే రెండు లాభాలు. దొరికే చోట వెతుక్కోవచ్చు, దొంగ ఏజెంట్ చేతిలో డబ్బు పోకుండా చూసుకోవచ్చు.

ఓడ మీద వేరు, ఒడ్డు మీద వేరు

క్రూయిజ్ ఉద్యోగం అనగానే చాలామంది కలిపేసి మాట్లాడే రెండు దారులున్నాయి. ఒకటి ఓడ మీద పని... వెయిటర్, క్యాబిన్ స్టీవార్డ్, రిసెప్షన్ లాంటివి. నెలల తరబడి సముద్రంలోనే ఉండాలి. ఎస్‌టీసీడబ్ల్యూ భద్రతా శిక్షణ, సీడీసీ అనే సీమన్ బుక్కు, మెడికల్ పరీక్ష... ఇవన్నీ ఈ దారికి సంబంధించినవి.

రెండోది ఒడ్డు మీద పని. ప్రయాణికులు టెర్మినల్‌కు వచ్చినప్పుడు వాళ్ల టికెట్, గుర్తింపు పత్రాలు చూసి, బోర్డింగ్ కార్డు చేతికిచ్చి ఓడ దాకా పంపించడం. పని అయ్యాక రాత్రికి మన ఇంటికి మనం వెళ్లిపోతాం. మామూలుగా దీనికి సీడీసీ గానీ, సముద్ర శిక్షణ గానీ అక్కర్లేదు. కాబట్టి ‘టెర్మినల్ చెక్-ఇన్ ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు మా దగ్గర ఎస్‌టీసీడబ్ల్యూ కోర్సు చేయండి’ అని ఎవరైనా అంటే అక్కడే అనుమానించాలి.

కౌంటర్ వెనక ఏం చేస్తారు?

ఓడ బయల్దేరే రోజు టెర్మినల్ ఒక పెళ్లిమండపంలా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి జనం వచ్చిపడతారు. అదే ఓడలో అంతకుముందు ట్రిప్ చేసినవాళ్లు ఉదయమే దిగిపోవాలి. అంటే సిబ్బంది తెల్లవారుజామున వస్తే, ఓడ కదిలేదాకా ఉండాల్సిందే. మన తీరంలో తిరిగే కార్డీలియా వారి ‘ఎంప్రెస్’ ఓడలోనే సుమారు 1,800 మంది ప్రయాణికులు పడతారు. కొన్ని గంటల్లో అంతమందినీ లోపలికి పంపాలి.

లగేజీకి క్యాబిన్ నంబర్ ఉన్న ట్యాగ్ కట్టడం, క్యూలు నడపడం, పత్రాలు సరిచూడడం, ఫొటో తీసి వివరాలు ఎక్కించడం, వీల్‌చైర్‌లో వచ్చిన పెద్దవాళ్లకు సాయం చేయడం... ఇలా పనులు పంచుకుంటారు. కొత్తవాళ్లను ఒక్కోసారి క్యూలు, లగేజీ దగ్గర మొదలుపెట్టించి, చేయి తిరిగాక కౌంటర్‌లో కూర్చోబెడతారు. ఇమిగ్రేషన్, కస్టమ్స్, భద్రతా తనిఖీ మాత్రం ప్రభుత్వ సిబ్బంది పని. మన పని వాళ్ల దగ్గరికి సరైన మనిషిని సరైన కాగితాలతో పంపడం.

కౌంటర్‌లో నొక్కే ప్రతి బటన్ చివరికి ఒక జాబితాగా మారుతుంది. ఓడలో ఎవరెవరున్నారో చెప్పే ప్రయాణికుల జాబితా అది. ఆపద వస్తే ముందు చూసేది దాన్నే. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో ‘కోస్టా కాంకార్డియా’ ఓడ ప్రమాదానికి గురై 32 మంది చనిపోయారు. కొన్ని గంటల ముందే ఎక్కిన ప్రయాణికుల్లో వందల మందికి అప్పటికింకా భద్రతా డ్రిల్ కూడా జరగలేదు. ఆ తర్వాత రూల్స్ మారాయి. డ్రిల్ ఓడ బయల్దేరే ముందు గానీ, బయల్దేరిన వెంటనే గానీ జరగాలి. దానికి హాజరు కూడా ఈ జాబితా చూసే వేస్తారు. పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా చిన్న విషయం కాదని సిబ్బందికి పదేపదే చెప్పేది అందుకే.

‘కుదరదండీ’ అని చెప్పే నిమిషం

ఈ ఉద్యోగంలో కష్టం కంప్యూటర్ దగ్గర లేదు, మాట దగ్గర ఉంది. ఒక కుటుంబం కోరాపుట్ నుంచో, ఖమ్మం నుంచో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిందనుకుందాం. పిల్లాడి గుర్తింపు కార్డు ఇంట్లో మర్చిపోయారు. ‘బాబూ, ఇంత దూరం వచ్చాం. కాస్త చూసీచూడనట్టు వదిలెయ్ నాయనా’ అని పెద్దాయన బతిమాలతాడు. వెనక క్యూ పెరుగుతుంటుంది. చెక్-ఇన్ మూసే టైమ్ దగ్గరపడుతుంటుంది.

అలాంటప్పుడు ‘రూల్స్ అంతే’ అని ముఖం తిప్పుకోవడం ఎవరికైనా వచ్చు. ‘కంగారు పడకండి సార్, డిజీలాకర్‌లో ఉందేమో చూద్దాం. ఇంట్లో ఎవరైనా ఉంటే ఫొటో తీసి పంపమనండి. అది చెల్లుతుందో లేదో మా సూపర్‌వైజర్‌ని అడిగి చెప్తాను’ అనగలిగినవాళ్లకే ఇక్కడ విలువ. అప్పటికీ కుదరకపోతే గొంతు పెంచకుండా, అబద్ధపు ఆశ పెట్టకుండా కుదరదని చెప్పాలి. చాలా క్రూయిజ్ కంపెనీలు 24 వారాలు దాటిన గర్భిణులను, 6 నెలలు నిండని పసిపిల్లలను ఎక్కించుకోవు. ఆ మాట టికెట్ కొన్నప్పుడు చదవనివాళ్లకు కౌంటర్‌లో చెప్పాల్సింది మీరే.

ఇంటర్వ్యూల్లో కూడా ఇలాంటి సందర్భాలే అడుగుతారు. ‘ప్రయాణికుడు కోప్పడితే ఏం చేస్తావు?’ అన్న ప్రశ్నకు ‘ఓపిగ్గా ఉంటాను సార్’ అనే జవాబు చాలదు. ఏం అడుగుతారు, ఎవరికి చెబుతారు, ఏ దారి చూపిస్తారు... వరసగా చెప్పగలగాలి.

జీతం ఎవరిస్తారు?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. టెర్మినల్ పోర్టుది, ఓడ క్రూయిజ్ కంపెనీది. చెక్-ఇన్ సిబ్బందిలో చాలామంది మాత్రం ఈ రెండింటికీ కాకుండా మూడో సంస్థకు చెందినవాళ్లు. ఓడ తరఫున రేవులో పనులు చక్కబెట్టే షిప్పింగ్ ఏజెన్సీ కావచ్చు, టెర్మినల్ నడిపే ప్రైవేటు కంపెనీ కావచ్చు, ఈవెంట్లకు మనుషుల్ని పంపే స్టాఫింగ్ సంస్థ కావచ్చు. కొన్నిచోట్ల క్రూయిజ్ కంపెనీయే సొంత షోర్ టీమ్ పెట్టుకుంటుంది.

అందుకే పోర్టు నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే లాభం లేదు. జాబ్ సైట్లలో ‘క్రూయిజ్ చెక్-ఇన్’ అని మాత్రమే కొడితే కూడా పెద్దగా కనిపించవు. పాసింజర్ సర్వీస్ ఏజెంట్, గెస్ట్ సర్వీస్ అసోసియేట్, ఎంబార్కేషన్ స్టాఫ్, గ్రౌండ్ స్టాఫ్, టర్మినల్ ఎగ్జిక్యూటివ్... ఈ పేర్లతో, పక్కన ఊరి పేరు పెట్టి వెతకండి. మీ ఊరి రేవులో క్రూయిజ్ ఓడల పనులు ఏ షిప్పింగ్ ఏజెన్సీ చూస్తోందో కనుక్కుని, వాళ్ల ఆఫీసు మెయిల్‌కు ఒక పేజీ రెజ్యూమె పంపండి. ఓడ వచ్చే తేదీకి నెలో రెండు నెలలో ముందు పంపితే చూసే అవకాశం ఎక్కువ. ఓడ కనిపించాక పంపితే అప్పటికే మనుషుల్ని తీసేసుకుని ఉంటారు.

అసలు లెక్క: ఏడాదికి ఎన్ని ఓడ రోజులు?

విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబర్‌లో ప్రారంభమైంది. ఖర్చు సుమారు రూ.96 కోట్లు. 2,000 మంది ప్రయాణికుల ఓడకు సరిపడేలా కట్టారు. భవనం బాగుంది, సరే. కానీ చెక్-ఇన్ ఉద్యోగికి జీతం తెచ్చిపెట్టేది భవనం కాదు, ఓడ వచ్చే రోజు. విశాఖకు ఇప్పటిదాకా ఓడలు వరసగా ఏడాది పొడవునా రాలేదు. 2022 జూన్‌లో చెన్నై నుంచి ఎంప్రెస్ వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ‘ది వరల్డ్’ అనే విదేశీ ఓడ ఆగింది. ఇలా విడతలు విడతలుగానే. పైగా ఓడ ఊరికే ఆగి వెళ్లే రోజుకు, ఇక్కడి నుంచే ప్రయాణికులు ఎక్కే రోజుకు తేడా ఉంది. చెక్-ఇన్ కౌంటర్ల నిండా మనుషులు కావాల్సింది రెండో రోజుకే.

ముంబయి కథ వేరు. బల్లార్డ్ పియర్ దగ్గర 2025 సెప్టెంబర్‌లో ప్రారంభమైన అంతర్జాతీయ టెర్మినల్‌ను ఏడాదికి 10 లక్షల మంది ప్రయాణికుల కోసం కట్టారు. అందులో చెక్-ఇన్, ఇమిగ్రేషన్ కౌంటర్లే 72. గోవా, కొచ్చి, చెన్నై రేవులు ఆ తర్వాతి వరసలో ఉన్నాయి. పశ్చిమ తీరంలో వానాకాలం తగ్గాకే సీజన్ ఊపందుకుంటుంది. అంటే ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లోనే దరఖాస్తులు పంపడం మొదలుపెట్టాలి.

కేంద్రం 2024 సెప్టెంబర్ 30న మొదలుపెట్టిన ‘క్రూయిజ్ భారత్ మిషన్’ 2029 నాటికి క్రూయిజ్ ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయాలని, 4 లక్షల ఉద్యోగాలు రావాలని లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం మంచిదే. అయితే ఈ నెల అద్దె లక్ష్యంతో కట్టలేం కదా! అందుకే ఆఫర్ చేతికి రాగానే ఈ ప్రశ్నలు అడగండి:

• నెలకు ఎన్ని షిఫ్టులు గ్యారంటీ?
• జీతం నెలకా, రోజుకా, షిఫ్టుకా?
• తుపాను వల్ల ఓడ రాకపోతే ఆ రోజు డబ్బులు ఇస్తారా?
• పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా?
• తెల్లవారుజామున రావడానికి, రాత్రి వెళ్లడానికి బండి ఎవరిది?
• నా అపాయింట్‌మెంట్ లెటర్ మీద ఏ కంపెనీ పేరు ఉంటుంది?

ఇవి అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. సరైన కంపెనీకి ఇవి రోజూ వినే ప్రశ్నలే.

మరి ఏం కావాలి?

డిగ్రీ ఉంటే మంచిది. టూరిజం, హోటల్ మేనేజ్‌మెంట్ చదివితే ఇంకా మంచిది. నెల్లూరులోని ఐఐటీటీఎం, హైదరాబాద్ గచ్చిబౌలిలోని నిథమ్ లాంటి చోట్ల చదివేవాళ్లు ఇంటర్న్‌షిప్‌కు క్రూయిజ్ టెర్మినళ్లను కూడా అడిగి చూడొచ్చు. కానీ కౌంటర్‌లో నిలబెట్టేది ఎక్కువగా భాష. ఇంగ్లిష్, హిందీ తడుముకోకుండా రావాలి. విశాఖకు బెంగాలీ, ఒడియా పర్యాటకులు ఎక్కువ కాబట్టి వాళ్ల భాషలో నాలుగు మాటలు వచ్చినా మీరే ముందుంటారు. వేగంగా, తప్పుల్లేకుండా టైప్ చేయడం, పాస్‌పోర్టులో ఏ వివరం ఎక్కడుంటుందో తెలియడం, గంటల తరబడి నిలబడే ఓపిక... ఇవీ అవసరమే. పోర్టు లోపలికి వెళ్లడానికి ఎంట్రీ పాస్ కావాలి. దానికి పోలీస్ వెరిఫికేషన్ అడగొచ్చు కాబట్టి కాగితాలన్నింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.

అనుభవం లేదా? విమానాశ్రయం దారి ఉంది. ఎయిర్‌పోర్టు గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో చేసే పనికి, దీనికి పోలికలు చాలా. శంషాబాద్, విజయవాడ... ఎక్కడైనా ఏడాది చేస్తే క్రూయిజ్ టెర్మినల్‌లో ఆ అనుభవం లెక్కలోకి వస్తుంది. తేడా ఒక్కటే: విమానాలు రోజూ ఉంటాయి, కాబట్టి జీతం కూడా నెలనెలా వస్తుంది. ఓడలు పెరిగేదాకా నిలదొక్కుకోవడానికి తెలుగు కుర్రాళ్లకు ఇది తెలివైన దారి.

డబ్బు అడిగితే ఆగండి

చెక్-ఇన్ ఉద్యోగం ఇచ్చే సంస్థ మీకు డబ్బు ఇవ్వాలి, మీ దగ్గర తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్, యూనిఫాం డిపాజిట్, ‘పోర్టు పాస్ ఛార్జీ’ అంటూ ఎవరి సొంత ఖాతాకో, ఫోన్‌పే నంబర్‌కో పంపమంటే అక్కడితో ఆపేయండి.

ఓడ మీది ఉద్యోగానికైతే డీజీ షిప్పింగ్ లైసెన్సు ఉన్న ఆర్‌పీఎస్‌ఎల్ ఏజెన్సీల ద్వారానే వెళ్లాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుల దగ్గర ఫీజు తీసుకోకూడదన్నది రూల్. విదేశంలో ఒడ్డు మీది ఉద్యోగం అంటే ఏజెంట్ పేరు ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. అలాంటి ఏజెంట్ తీసుకోగలిగే సర్వీస్ ఛార్జీకి పరిమితి ఉంది: రూ.30 వేలు, దానిపై జీఎస్టీ. లక్షల్లో అడిగితే వినాల్సిన పని లేదు. ఇప్పటికే డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు...

హ్యూస్టన్‌కు గంట ప్రయాణంలో ఉండే గాల్వెస్టన్, ఫ్లోరిడాలోని మయామి, పోర్ట్ కెనావెరల్... ఇవి పెద్ద క్రూయిజ్ రేవులు. అక్కడ చెక్-ఇన్ ఎక్కువగా పార్ట్‌టైమ్ పని. వారాంతాల్లో, ఓడ రోజుల్లో పిలుస్తారు. పని చేసే అనుమతి ఉన్నవాళ్లకు, ముఖ్యంగా గ్రీన్‌కార్డు ఉన్న కుటుంబ సభ్యులకు ఇది పనికొస్తుంది. రేవులో భద్రత ఉన్న చోట్లకు వెళ్లాలంటే ‘ట్విక్’ అనే గుర్తింపు కార్డు అడుగుతారు. ఎఫ్-1 వీసా మీద చదువుకునేవాళ్లు మాత్రం అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయకూడదు. నాలుగు డాలర్ల కోసం వీసాకు ముప్పు తెచ్చుకోవద్దు. ఇక ‘ఇండియా నుంచి నేరుగా మయామి టెర్మినల్‌లో చెక్-ఇన్ ఉద్యోగం’ అనే ప్రకటన కనిపిస్తే నమ్మకండి. గంటల లెక్కన ఇచ్చే ఇలాంటి పనికి వాళ్లు అక్కడివాళ్లనే తీసుకుంటారు.

ఈ వారం చేయాల్సినవి మూడే. ఒక పేజీ రెజ్యూమె సిద్ధం చేయండి. మీకు దగ్గర్లోని రేవుకు రాబోయే ఓడల తేదీలు కనుక్కోండి. ఆ ఓడల పనులు చూసే ఏజెన్సీ పేరు తెలుసుకుని మెయిల్ పెట్టండి. వీటిలో దేనికీ ఒక్క రూపాయి ఫీజు కట్టక్కర్లేదు.