మాల్‌ని కాదన్న మనిషి

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని చలికాలంలో వాకింగ్‌కని మాల్‌కి తీసుకెళ్ళని తెలుగువాళ్ళు అమెరికాలో తక్కువేమో! ఏమీ కొనకుండా నాలుగు చుట్లు తిరిగి, బెంచీ మీద కూర్చుని కబుర్లు చెప్పుకుని వచ్చేస్తాం. విక్టర్ గ్రూయెన్ కోరుకున్నదీ సరిగ్గా అదే.

గ్రూయెన్ వియన్నాలో పుట్టిన యూదు ఆర్కిటెక్ట్. 1938లో నాజీల నుంచి తప్పించుకుని అమెరికా వచ్చాడు. కారు లేనిదే గడప దాటలేని ఇక్కడి శివారు బతుకు ఆయనకి నచ్చలేదు. వియన్నాలోలా మనుషులు నడుస్తూ కలుసుకునే చోటు ఉండాలనుకున్నాడు. 1956 అక్టోబర్ 8న మినియాపోలిస్ పక్కనున్న ఈడైనాలో ఆయన డిజైన్ చేసిన సౌత్‌డేల్ తెరిచారు. పూర్తిగా పైకప్పు వేసి, ఏసీ, హీటింగ్ పెట్టిన మొదటి శివారు మాల్ అదే. బయట మంచు, లోపల చెట్లు, పక్షులు!

ఆయన ప్లాన్‌లో చుట్టూ ఇళ్ళు, బడి, పార్కు కూడా ఉన్నాయి. చివరికి మాల్‌ని చుట్టుకున్నది పార్కింగ్. దేశమంతా దాన్నే కాపీ కొట్టింది. విసిగిపోయిన గ్రూయెన్ 1968లో వియన్నా వెళ్ళిపోయాడు. 1978లో లండన్‌లో మాట్లాడుతూ, ఈ మాల్స్ నా పిల్లలు కావని తెగేసి చెప్పాడు. 1980లో పోయాడు.

ఈమధ్య సౌత్‌డేల్ పార్కింగ్ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. కొట్లు మూతపడుతున్న ఈ రోజుల్లో మాల్స్‌ని బతికించడానికి వెతుకుతున్న ఉపాయం, ఆయన మొదటి ప్లాన్‌లోనే ఉంది.