మిశ్రమ నూలు వస్త్రాల సుంకపు వర్గీకరణ: పొందూరు పత్తికి వర్తించే అంశాలు

పత్తి పంటపై మన విస్తరణ బోధన సాధారణంగా మార్కెట్ యార్డు వద్ద ముగుస్తుంది. ఆ పత్తి వస్త్రమై దేశపు ఎల్లలు దాటేటప్పుడు దానికి ఏ సంఖ్య లభిస్తుందో విద్యార్థులకు బోధించడం అరుదు. దిగుమతి చేసుకునే దేశం సుంకం విధించేది ఆ సంఖ్యను బట్టే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో కొండపత్తికి, గోగునారకు అదనపు విలువ చేకూర్చదలచినవారు ఈ వర్గీకరణను తెలుసుకోవాలి.

ప్రపంచ దేశాలు అనుసరించే హార్మొనైజ్డ్ సిస్టమ్‌లో 52వ అధ్యాయం పత్తికి చెందినది. దువ్వని దూది 5201 శీర్షికలో, నేత వస్త్రాలు 5208 నుండి 5212 వరకు గల శీర్షికలలో చేరుతాయి. వస్త్రపు బరువులో పత్తి 85 శాతం లేదా అంతకు మించి ఉండి, చదరపు మీటరు బరువు 200 గ్రాములు దాటకపోతే అది 5208, దాటితే 5209. పత్తి 85 శాతం కంటే తక్కువై, దానితో కలిసినది ప్రధానంగా మానవ నిర్మిత నార అయితే 5210 లేదా 5211. పత్తి ప్రధానంగా గల ఇతర మిశ్రమాలు 5212లోకి వస్తాయి.

మిశ్రమంలో బరువు రీత్యా ఏ నార అధికమో, వస్త్రం ఆ నారకు చెందినట్లు పరిగణించడం మూల సూత్రం. 67 శాతం పాలియెస్టర్ స్టేపుల్ నార, 33 శాతం పత్తి గల పలుచని పాలీవస్త్రం అందువల్ల 5513లో చేరుతుంది. మూడు నారలు కలిసినప్పుడు ముందుగా అధ్యాయాన్ని నిర్ణయించాలి. పత్తి 45, పాలియెస్టర్ స్టేపుల్ 30, విస్కోస్ స్టేపుల్ 25 శాతం ఉన్నాయనుకుందాం. విడివిడిగా చూస్తే పత్తిదే పెద్ద వాటా. అయినా మిగిలిన రెండూ 55వ అధ్యాయానివే కనుక వాటి మొత్తం 55 శాతమై, వస్త్రం పత్తి అధ్యాయాన్ని దాటిపోతుంది. పత్తి, గోగునార సరిసమానంగా ఉంటే సంఖ్యాక్రమంలో చివరిదైన శీర్షిక వర్తిస్తుంది. అది నార వస్త్రాల 5310.

పొందూరులో దేశవాళీ పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రపరచి, ఏకులు చేసి, రాట్నంపై 100 కౌంటు స్థాయి సన్నని నూలు వడుకుతారు. ఇంతటి శ్రమతో నేసిన ఖాదీ, మిల్లులో తయారైన పలుచని నూలు వస్త్రం రెండూ 5208లోనే ఉంటాయి. 2019 నవంబరులో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఖాదీకి ప్రత్యేక కోడ్ కేటాయించింది. అయితే అన్ని దేశాలకు ఉమ్మడిగా ఉండేవి మొదటి ఆరు అంకెలే. మన దేశం చేర్చుకున్న చివరి రెండంకెలకు విదేశాలలో చెల్లుబాటు లేదు. 1956 నాటి ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ చట్టం ప్రకారం ఖాదీ అంటే చేతితో వడికిన పత్తి, పట్టు, ఉన్ని నూలుతో గాని, వాటి మిశ్రమంతో గాని చేమగ్గంపై నేసిన వస్త్రం. మిల్లు నూలు కలిస్తే ఆ నిర్వచనానికి భంగం కలుగుతుంది.

సుంకపు పట్టిక పత్తి రకాన్ని గుర్తించదు. కనుక కొండపత్తి ప్రత్యేకతకు ఆధారం పొలం నుండే సిద్ధం కావాలి. విస్తరణ శాస్త్రవేత్తలు మూడు పనులు చేపట్టవచ్చు. మొదటిది, దేశవాళీ పత్తిని సంకర రకాలతో కలపకుండా తీసి, నిల్వచేసి, రైతువారీ వివరాలు నమోదు చేయించడం. రెండవది, కొత్త మిశ్రమ వస్త్రం నేయకముందే నారల బరువు శాతాలను, చదరపు మీటరు బరువును నిర్ధారించుకోవాలని నేతకారుల సంఘాలకు సూచించడం. మూడవది, ఈ శీర్షికల నిర్ణయాన్ని విద్యార్థులచే నమూనా వస్త్రాలపై అభ్యాసం చేయించడం. నారల పాళ్లను మగ్గం ఎక్కించకముందే సరిచేసుకోవచ్చు. సరుకు ఓడరేవుకు చేరిన తరువాత ఆ అవకాశం ఉండదు.