ఇయర్‌బడ్స్ ఛార్జ్ కావట్లేదా? పారేసే ముందు ఇవి చెక్ చేసుకోండి

రాత్రంతా కేస్‌లోనే ఉన్నాయి. పొద్దున్నే చెవిలో పెట్టుకుంటే ఒక పక్క మాత్రమే పాట వస్తోంది. ఇంకో పక్క ఉలుకూ పలుకూ లేదు. వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ వాడేవాళ్లకు ఈ తలనొప్పి కొత్తేమీ కాదు. బ్యాటరీ పోయిందనుకుని చాలామంది కొత్త జత కొనేస్తుంటారు. కానీ చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు. మురికి పట్టిన పిన్, పాడైన కేబుల్, సరిగ్గా కూర్చోని బడ్... ఇలాంటివే కారణాలు. రెండు వేలు ఖర్చు పెట్టే ముందు పది నిమిషాలు వీటిని చూసుకుంటే సరిపోతుంది.

అందులో ఉన్నవి మూడు బ్యాటరీలు

ఎడమ బడ్‌లో ఒకటి, కుడి బడ్‌లో ఒకటి, కేస్‌లో ఇంకొకటి ఉంటుంది. ఫోన్ బ్యాటరీ 5000 ఎంఏహెచ్ అనుకుంటే, బడ్‌లోది దాదాపు 30 నుంచి 60 ఎంఏహెచ్ మాత్రమే. కేస్‌లోది సాధారణంగా 300 నుంచి 500 వరకు ఉంటుంది. ఛార్జర్ కేస్‌ను నింపుతుంది, కేస్ బడ్స్‌ను నింపుతుంది. కాబట్టి కరెంటు ఎక్కడ ఆగిపోతోందో ముందు కనిపెట్టాలి. కేబుల్ పెట్టగానే కేస్ మీద లైట్ వెలగకపోతే సమస్య కేబుల్, అడాప్టర్, పోర్టు లేదా కేస్‌లో ఉన్నట్టు. లైట్ వెలిగినా బడ్ నిండకపోతే బడ్‌కూ కేస్‌కూ మధ్య చూడాలి.

కేస్‌లో లైట్ రాకపోతే

మొదట కేబుల్ మార్చండి, ఆ తర్వాత అడాప్టర్ మార్చండి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. తక్కువ ధర ఇయర్‌బడ్స్‌లో కొన్ని, రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో అస్సలు ఛార్జ్ కావు. టైప్-సీ ఛార్జర్ అవతల ఏదైనా పరికరం ఉందని గుర్తించాకే కరెంటు పంపుతుంది. ఆ గుర్తింపు కోసం పెట్టాల్సిన చిన్న రెసిస్టర్లను ఖర్చు తగ్గించుకోడానికి కొన్ని కంపెనీలు వదిలేస్తాయి. అందుకే ఒక వైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ, ఇంకో వైపు టైప్-సీ ఉన్న కేబుల్‌తో ఒకసారి ప్రయత్నించండి. చచ్చిపోయిందనుకున్న కేస్ లైట్ వెలిగించే అవకాశం ఉంది.

జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ల కేస్ పోర్టులో బట్టల నూలు, దుమ్ము గట్టిగా పేరుకుంటాయి. చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా బయటకు తీయండి. సూది, పిన్నీసు వద్దు. షార్ట్ అయ్యే ప్రమాదం ఉంటుంది.

ఒక పక్కే ఛార్జ్ కాకపోతే

బడ్ మీద చిన్న చిన్న లోహపు చుక్కలు, కేస్ గుంటలో స్ప్రింగ్ పిన్నులు ఉంటాయి. చెమట, చెవి గులిమి అక్కడ పొరలా పేరుకుంటే కరెంటు అందదు. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూది పుల్లకు కొద్దిగా అద్ది రెండు వైపులా తుడవండి, ఆరిన తర్వాతే మూత వేయండి. నీళ్లు, శానిటైజర్ జెల్ వాడొద్దు. పిన్ లోపలికి నొక్కుకుపోయి ఉంటే మెల్లగా నొక్కి వదిలి చూడండి, మళ్లీ పైకి రావాలి.

వేరే సిలికాన్ టిప్స్ మార్చారా? అవి లావైతే బడ్ గుంటలో పూర్తిగా కూర్చోదు. మూత వేశాక కూడా ఫోన్‌లో ఆ బడ్ కనెక్ట్ అయ్యే కనిపిస్తుంటే పిన్ తగలట్లేదని అర్థం. అది కేస్‌లో ఉంటూనే రాత్రంతా ఆన్‌లో ఉండి ఖాళీ అవుతుంది. జిమ్ నుంచి వచ్చి తడి బడ్స్‌ను అలాగే కేస్‌లో పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. తడిలో కరెంటు పారితే పిన్నులు తుప్పు పడతాయి.

తుడిచినా లాభం లేకపోతే రీసెట్ చేయండి. పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఉంటుంది. నెలల తరబడి వాడకుండా పక్కన పడేసినవైతే ఒక గంట ఛార్జర్‌కు పెట్టి ఓపిక పట్టండి. పూర్తిగా అడుగంటిన బ్యాటరీ మేలుకోడానికి టైమ్ పడుతుంది.

ఛార్జ్ నిలవట్లేదా?

ఇది వయసు సమస్య కావచ్చు. లిథియం బ్యాటరీ దాదాపు 300 నుంచి 500 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యాక బలహీనపడుతుంది. ఫుల్ ఛార్జ్ చేసి, నాయిస్ క్యాన్సిలేషన్ ఆపేసి, సగం వాల్యూమ్‌లో ఎన్ని గంటలు వస్తుందో చూడండి. కంపెనీ చెప్పినదాంట్లో సగం కూడా రాకపోతే బ్యాటరీ అరిగినట్టే. ఎప్పుడూ ఒకే పక్క పెట్టుకుని కాల్స్ మాట్లాడితే ఆ పక్క బ్యాటరీ ముందు అరుగుతుంది. పక్కలు మారుస్తూ వాడండి. మే నెల ఎండలో బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసినా బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది.

ఇక్కడ మాత్రం ఆగిపోండి

కేస్ ఉబ్బినా, మూత సరిగ్గా పడకపోయినా, ఛార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా వెంటనే కేబుల్ తీసేయండి. నొక్కడం, గుచ్చడం, విప్పడం చేయొద్దు, మంట అంటుకోవచ్చు. దిండు కింద పెట్టి ఛార్జ్ చేయడం ఎప్పుడూ మంచిది కాదు. పాడైనదాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

రిపేరా, కొత్తదా?

నెక్‌బ్యాండ్ బ్యాటరీని మంచి రిపేర్ షాపులో మార్చే వీలుంటుంది. బడ్స్ గమ్‌తో అతికించి ఉంటాయి కాబట్టి విప్పితే మళ్లీ సరిగ్గా అతకడం కష్టం. వారంటీ ఉంటే బయట షాపులో అస్సలు విప్పించొద్దు, బిల్లుతో సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. ఒక బడ్ మాత్రమే పోతే ఆ ఒక్కటీ విడిగా ఇస్తారేమో అడగండి, కొన్ని కంపెనీలు అమ్ముతాయి. దుబాయ్, సౌదీ నుంచి బంధువులు తెచ్చినవైతే కొన్న దేశంలోనే వారంటీ ఇచ్చే బ్రాండ్లు చాలా ఉన్నాయి, తెప్పించుకునే ముందే కనుక్కోండి. వారంటీలో ఉన్నా సర్వీస్ నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. అందుకే బిల్లు ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోవడం మర్చిపోకండి.