పెర్పెతువ సాక్ష్యము: నిలిచిన జ్ఞాపకము, నిలిపిన హద్దు

ఆదిమ సంఘ చరిత్రలో హతసాక్షులు అనేకులు. వారిలో చాలామంది కేవలము పేర్లుగానే మిగిలారు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు పట్టణములో క్రీ.శ. 203 మార్చి 7న మరణించిన పెర్పెతువ, ఫెలిసితల జ్ఞాపకము మాత్రము నేటికీ సజీవముగా ఉంది. దీనికి కారణమేమి? ఆ జ్ఞాపకమునకు సంఘము ఏ స్థానమిచ్చింది? ఈ రెండు ప్రశ్నలను ఇక్కడ పరిశీలించదలచాము.

1. ఆమె స్వరము

పెర్పెతువ సుమారు 22 ఏండ్ల వివాహిత, చదువుకొన్న స్త్రీ, పాలు త్రాగు బిడ్డకు తల్లి. ఫెలిసిత దాసి, చెరసాలలోనే, ఎనిమిదవ నెలలో, ఆడపిల్లను కన్నది. వారిని గూర్చిన లాటిన్ గ్రంథములోని 21 అధ్యాయములలో 3 నుండి 10 వరకు పెర్పెతువ స్వయముగా వ్రాసినవని చాలామంది పండితుల అభిప్రాయము. క్రైస్తవ స్త్రీ వ్రాసినదిగా మనకు లభించిన అతి ప్రాచీన రచనలలో ఇది ఒకటి. చెరసాల చీకటికి కలిగిన భయము, బిడ్డను గూర్చిన చింత, విశ్వాసము విడువుమని బ్రతిమాలిన వృద్ధ తండ్రి కన్నీరు, వీటిలో దేనినీ ఆమె దాచలేదు. ఈ నిజాయితీయే చదువరులను ఆకర్షించిన మొదటి కారణము.

2. సంఘములో పఠనము

రెండవ కారణము ఏటేటా జరిగిన పఠనము. కొద్ది సంవత్సరములలోనే తెర్తుల్లియను ఆమెను ప్రస్తావించాడు. క్రీ.శ. 354 నాటి రోమా పట్టికలో మార్చి 7న వీరి పేర్లున్నాయి. అగస్టీను వీరి జ్ఞాపకదినమున ప్రసంగిస్తూ, ఇద్దరి పేర్లు కలిపితే "నిత్యానందము" అనే అర్థము వస్తుందని చూపాడు. కార్తేజు మహాసభ (397) హతసాక్షుల వృత్తాంతములను వారి వార్షిక దినములలో చదువుటకు అనుమతించింది. అయితే కానను గ్రంథములు తప్ప మరేదియు దైవలేఖనమను పేరిట సంఘములో చదువరాదని కూడ అదే నిర్ణయములో శాసించింది. ఇది మిక్కిలి గమనార్హము.

3. అగస్టీను గీసిన హద్దు

ఈ హద్దు ఎందుకు అవసరమో త్వరలోనే తేలింది. ఏడేండ్ల ప్రాయములో మరణించిన తన తమ్ముడు దినోక్రతేసు బాధపడుచుండుట పెర్పెతువ దర్శనములో చూచింది. ప్రార్థించిన పిమ్మట అతడు స్వస్థుడై కనబడ్డాడు. సుమారు 419లో విన్సెంటియస్ విక్టర్ అనువాడు, బాప్తిస్మము లేక మరణించిన పిల్లలను గూర్చిన తన బోధకు దీనిని ఆధారముగా చూపాడు. ఆ గ్రంథము కాననులో చేరినది కాదని అగస్టీను బదులిచ్చాడు. ఆమెను ఘనపరచి ప్రసంగించిన అగస్టీనే ఆమె దర్శనముపై సిద్ధాంతము కట్టుటకు ఒప్పుకొనలేదు.

ముగింపు

మన సంఘములలోను సాక్ష్యములకు, దర్శనములకు గొప్ప ఆదరణ ఉంది. వాటిని అణచివేయుట ఆదిమ సంఘపు మార్గము కాదు. లేఖనముతో సమానము చేయుటయు కాదు. సాక్ష్యము విశ్వాసమును బలపరుస్తుంది, లేఖనము బోధను నిర్ణయిస్తుంది. వేదికపై సాక్ష్యమునకు చోటిచ్చు ప్రతి కాపరి ఈ భేదమును సంఘమునకు నేర్పవలెనని మా మనవి.