విక్లో వే: ఏడు రోజుల నడక

ఐర్లాండులో ఉంటున్న మన తెలుగువారిలో గ్లెన్‌డలాక్ చూడనివారు తక్కువ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ముందు కారెక్కించి తీసుకెళ్ళేది అక్కడికే. ఆ సరస్సుల మీదుగానే డబ్లిన్ నుంచి కార్లో కౌంటీ దాకా ఒక కాలిబాట ఉందని మాత్రం చాలామందికి తెలియదు. దాని పేరు విక్లో వే. పొడవు సుమారు 130 కిలోమీటర్లు.

2004లో డబ్లిన్ వచ్చిన కొత్తలోనే ఈ బాట మొత్తం నడవాలని మా శ్రీమతీ నేనూ అనుకున్నాం. తర్వాత వర్క్ పర్మిట్, ఇంటి అప్పు, పిల్లల లీవింగ్ సర్ట్ పరీక్షలు. సెలవులన్నీ ఇండియా ప్రయాణాలకే సరిపోయేవి. ఇంతలో ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. "నా కోసం ఆగితే ఇక మీరు కూడా నడవలేరు, వెళ్ళిరండి" అంది. అలా 54వ ఏట, ఒక జూన్ నెలలో ఒంటరిగా బయలుదేరాను.

ఈ బాటదీ ఆలస్యంగా తీరిన కలే. జె.బి. మలోన్ అనే నడక ప్రియుడు 1966లో పత్రికా వ్యాసాల ద్వారా ఈ ఆలోచన ప్రతిపాదించారు. బాట తెరుచుకున్నది 1980లో. గుర్తులు పెట్టిన దూరపు కాలిబాటల్లో ఈ దేశంలో ఇదే మొదటిది. ఆయన 1989లో కన్నుమూశారు. లాక్ టే సరస్సు పైన కొండమీద ఆయన స్మారక శిల ఉంది. అక్కడ కాసేపు కూర్చోకుండా ముందుకు వెళ్ళబుద్ధి కాలేదు.

బాట డబ్లిన్ శివార్లలోని మార్లే పార్కులో మొదలవుతుంది. దారి పొడవునా స్తంభాల మీద పసుపుపచ్చ నడిచే మనిషి బొమ్మ, బాణం గుర్తు ఉంటాయి. మొదటిరోజు నాక్‌రీ దాకా, రెండోరోజు పవర్స్‌కోర్ట్ జలపాతాన్ని చూస్తూ జౌస్ కొండ పక్కగా రౌండ్‌వుడ్ దాకా నడిచాను. జౌస్ దగ్గర బురదనేల కోసుకుపోకుండా పాత రైలు పట్టాల కింది చెక్కలు పరిచారు. బాటలో అన్నిటికంటే ఎత్తయిన చోటు దాని పక్కనున్న వైట్ హిల్, సుమారు 630 మీటర్లు. దూరపు కొండలు నునుపన్న సామెత అర్థం అక్కడ కాళ్ళకి తెలుస్తుంది!

మూడోరోజు గ్లెన్‌డలాక్. 6వ శతాబ్దంలో సెయింట్ కెవిన్ స్థాపించిన మఠం, సుమారు 30 మీటర్ల గుండ్రటి గోపురం ఇక్కడివే. మా శ్రీమతి డబ్లిన్ నుంచి సెయింట్ కెవిన్స్ బస్సులో పులిహోర డబ్బాతో వచ్చింది. కింది సరస్సు పక్కన ఇద్దరం మెల్లగా ఒక కిలోమీటరు నడిచాం. ఏడు రోజుల్లో నాకు బాగా గుర్తున్న కిలోమీటరు అదే.

అక్కడినుంచి గ్లెన్‌మలూర్ లోయ, తర్వాత అడవులు, టినహీలీ, షిల్లెలా, చివరికి క్లోనెగాల్. దక్షిణానికి వెళ్ళేకొద్దీ కొండలు తగ్గి, గొర్రెల పొలాలు, పల్లెదారులు వస్తాయి. కష్టమంటే ఎత్తు కాదు, ఒంటరితనం. గంటలకొద్దీ మనిషి కనబడడు.

వెళ్ళదలచినవారికి కొన్ని మాటలు. ఎండగా ఉన్నా వాన కోటు, ప్యాంటు సంచిలో ఉండాలి. చీలమండ పట్టుకునే బూట్లు కొని, ముందు నెలరోజులు వాటితోనే నడిచి అలవాటు చేసుకోండి. గ్లెన్‌డలాక్ దాటాక దుకాణాలు చాలా అరుదు, తిండి, నీళ్ళు ముందే చూసుకోండి. రాత్రి బసలు ముందుగా బుక్ చేసుకోవడం మంచిది. బాట పక్కన మూడు చెక్క గుడిసెలు కూడా ఉన్నాయి, కానీ స్లీపింగ్ బ్యాగ్ మీరే తెచ్చుకోవాలి. కొండమీద ప్రమాదం జరిగితే 112కి ఫోన్ చేసి మౌంటెన్ రెస్క్యూ కావాలని అడగండి. మ్యాపు కాగితం మీద కూడా ఉంచుకోండి, లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండకపోవచ్చు.

ఏడు రోజుల సెలవు దొరకదనుకుంటే ముక్కలుగా కూడా నడవచ్చు. రౌండ్‌వుడ్ నుంచి గ్లెన్‌డలాక్ ఒక్కరోజు పని, రెండుచోట్లా బస్సు ఉంది. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరినవారికి ఇదేమంత కష్టం కాదు. పిల్లలు పెద్దయ్యాక చూద్దామని మాత్రం వాయిదా వేయకండి. బాట ఎక్కడికీ పోదు, మోకాళ్ళ సంగతి అలా చెప్పలేం.